బ్యాడ్జర్ బ్రష్ కొనే ముందు...

గడ్డం గీసుకునే బ్రష్ మీద కూడా వ్యాసమా అని నవ్వుకోకండి! డబ్బా ఫోమ్‌తో విసిగిపోయి, నాన్నగారి రోజుల్లోలా మళ్ళీ బ్రష్షూ సబ్బూ పట్టిన మిత్రులు మన అబ్బాసియాలోనూ ఉన్నారు. వాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "బ్యాడ్జర్ బ్రష్ మంచిదంటున్నారు, ఏది కొనాలి?"

గిన్నెలో నురగ చేసి ముఖానికి పూసుకోవడం ఒక పద్ధతి. తడిపిన గడ్డం మీదే బ్రష్ తిప్పి నురగ తేవడం ఇంకొకటి. ఈ రెండో పద్ధతిలో గిన్నె పని కూడా బ్రష్షే చేయాలి. అంటే నీళ్ళు పట్టి ఉంచాలి, చర్మాన్ని రుద్దాలి, వెంట్రుకల్ని లేపి నిలబెట్టాలి. మరీ మెత్తటి బ్రష్ ముఖం మీద చతికిలబడుతుంది.

మొదటి మోసం పేర్లలో ఉంది. "ప్యూర్ బ్యాడ్జర్" అంటే మేలిమి రకం అనుకుంటాం. నిజానికి మామూలు వరసలో అదే అట్టడుగు: ముదురు రంగు, కాస్త గరుకు. దాని పైన "బెస్ట్", ఆ పైన తెల్లని కొనలుండే "సిల్వర్‌టిప్". ఈ పేర్లకి అందరూ పాటించే కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ "బెస్ట్" ఇంకో కంపెనీ "సూపర్" కావచ్చు. నేను మొదట కొన్నదానికి పెట్టె మీద పేరు ఘనంగానే ఉంది. తడిపి తెల్ల టవలు మీద రుద్దితే నల్లరంగు దిగింది! మీరూ ఆ పరీక్ష చేసి చూడండి.

పేరు కన్నా కొలతలు చూడడం మేలు. వెంట్రుకల కట్ట అడుగున 22 నుంచి 24 మిల్లీమీటర్లు, పిడి పైనుంచి కొన దాకా ఎత్తు సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటే ముఖం మీద నురగకి బాగా కుదురుతుంది. ఎత్తు 55 దాటితే వంగిపోతుంటుంది, అది గిన్నెకి వాడుకోవచ్చు. కట్ట ఒత్తుగా ఉండాలి. అరచేతిలో మెల్లగా నొక్కి వదిలితే వెంటనే లేవాలి, కొనలు గుచ్చుకోకూడదు. ఈ రెండూ ఉంటే "ప్యూర్" రకమైనా ఈ పనికి చాలు, సిల్వర్‌టిప్ కోసం దీనార్లు పోయనక్కర్లేదు.

ఇక అది ఏ జంతువు వెంట్రుక అన్నది. పెట్టె మీద "బ్రిసిల్" అని గానీ "బోర్" అని గానీ ఉంటే అది పంది వెంట్రుక. కడప, రాయచోటి వైపు నుంచి వచ్చిన మన ముస్లిం సోదరులకి బహుమతి ఇచ్చేముందు ఇది తప్పక చూడండి. బ్యాడ్జర్ వెంట్రుక చాలావరకు చైనా నుంచి వస్తుంది, పిడి మీద ఇంగ్లండు పేరున్నా సరే. గొర్రెకి ఉన్ని తీసినట్టు తీసేది కాదది, జంతువుని చంపి తీసేదే. అది మనసుకి నచ్చకపోతే సింథటిక్ తీసుకోండి. ఒకప్పటి నైలాన్ కుచ్చులాంటివి కావు ఇప్పటివి, పైగా త్వరగా ఆరతాయి. సబ్బు మీద "టాలోవేట్" అని ఉంటే పశువుల కొవ్వు అని కూడా గుర్తుంచుకోండి.

నీళ్ళ సంగతి. ఊళ్ళో బోరు నీళ్ళలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది. కువైట్‌లో పంపు నీళ్ళు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవే కాబట్టి ఆ బాధ తక్కువ. ఇక్కడి బాధ వేడి! జూలై, ఆగస్టుల్లో మేడ మీది ట్యాంకు నుంచి "చల్లనీళ్ళ" పంపులో కూడా కాలే నీళ్ళే వస్తాయి. మరీ వేడి నీళ్ళకి వెంట్రుక పెళుసెక్కుతుంది, అడుగున జిగురు వదులవుతుంది. అందుకే గీజరు ఆపేసి, అందులో నిలిచి చల్లారిన నీళ్ళు వాడే మన పాత చిట్కా బ్రష్‌కీ పనికొస్తుంది. చేతికి గోరువెచ్చగా తగిలితే చాలు.

కొత్త బ్రష్ జంతువు వాసన వేస్తుంది. కాస్త షాంపూతో కడిగి, రెండు మూడుసార్లు ఉత్తినే నురగ చేసి పారబోస్తే పోతుంది. మొదటి వారం నాలుగైదు వెంట్రుకలు రాలడం మామూలే, నెల దాటినా రాలుతుంటే బిల్లు పట్టుకెళ్ళి మార్చుకోండి. వాడేటప్పుడు మొదలంటా అదిమి తిప్పకండి, నడిమి వెంట్రుకలు విరిగి గుంట పడుతుంది. వాడాక కడిగి, విదిలించి, గాలి తగిలేచోట పెట్టండి. సెలవుకి ఊరెళ్ళేటప్పుడు తడి బ్రష్‌ని డబ్బాలో మూసి సూట్‌కేసులో పెడితే మాత్రం, దిగేసరికి బూజు వాసన ఖాయం.