మీకు తెలుసా? ఇంట్లోకొచ్చే కంపు నల్లి వరి చేలోంచి వస్తుంది

వరి ఈనిక పూర్తయి గింజ పాలు పోసుకునే రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పొద్దుగూకాక వాకిట్లో లైటు వేయాలంటే జంకే పరిస్థితి. గోడ మీద, పరదా మడతల్లో, ఒక్కోసారి అన్నం కంచం పక్కనే ఓ సన్నటి పురుగు! చేయి తగిలితే చాలు, గదంతా కంపు. దాన్ని వదిలించుకోవాలంటే ముందు దాని సంగతి తెలియాలి.

● వరి రైతులు దీన్ని కంపు నల్లి అంటారు. ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా పొడవు, పొడుగాటి కాళ్లు, మీసాలు, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. వరి ఆకు మీద వాలితే పోల్చుకోవడం కష్టం. డాలు ఆకారంలో పచ్చగా, వెడల్పుగా ఉండే మరో రకం కూరగాయ తోటల్లో ఉంటుంది. అదీ కంపు కొడుతుంది. రెండింటికీ నమిలే దవడలు ఉండవు, రసం పీల్చే సూది ముక్కే ఉంటుంది.

● నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో నీళ్లుంటే వానాకాలమూ వరే, యాసంగీ వరే. అందుకే ఈ నల్లి బెడద కూడా ఏడాదికి రెండుసార్లు, పంట కంకి దశకు వచ్చినప్పుడల్లా తప్పదు.

● మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన ఇల్లుంటే అనుమానం మిల్లు మీదికి పోవడం సహజం. కానీ ఎండిన వడ్లు, బియ్యం కంపు నల్లికి తిండి కావు. దానికి కావాల్సింది పాలు నిండిన పచ్చి గింజ. ముక్కు గుచ్చి పాలు పీల్చేస్తే గింజ తాలు పోతుంది. సగం నిండిన గింజకు మచ్చ పడుతుంది, మర పట్టినప్పుడు నూకవుతుంది. బియ్యం డబ్బాలో కనిపించే ముక్క పురుగు వేరు, ఇది వేరు.

● కంపు దాని ఆయుధం. పెద్ద పురుగుకు ఒంటి అడుగున, కాళ్ల మొదళ్ల దగ్గర గ్రంథుల రంధ్రాలు ఉంటాయి. పిల్ల పురుగులకైతే ఇవి వీపు మీద ఉంటాయి. బెదిరిస్తే వాటిలోంచి ఘాటైన ద్రవం వదులుతుంది. చాలా రకాల కంపు పురుగుల వాసనకు కారణం ఆల్డిహైడ్లనే రసాయనాలు. కొత్తిమీర వాసనకూ ఆ కోవ రసాయనాలే కారణం.

● ఇది మనుషుల రక్తం తాగే నల్లి కాదు. గుడ్లు పెట్టేది పంట మీద, గడ్డి మీద, ఇంట్లో కాదు. అయితే దాని ద్రవం కంట్లో పడితే మంట పుడుతుంది. వెంటనే మంచినీళ్లతో బాగా కడుక్కోవాలి.

● అమెరికాలోని మనవాళ్లకూ కంపు పురుగు బెడద ఉంది. తూర్పు ఆసియాకు చెందిన గోధుమరంగు డాలు పురుగు 1998లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో బయటపడింది. 2010లో అక్కడి తూర్పు రాష్ట్రాల ఆపిల్ తోటలకు దాదాపు 3.7 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. అది చలికి తలదాచుకోవడానికి ఇళ్లలో దూరుతుంది కాబట్టి అక్కడ గోడల సందులు మూయడం ముఖ్యం. మన నల్లి వెలుతురు కోసం వస్తుంది కాబట్టి ఇక్కడ ముందు లైటు సంగతి చూడాలి.

ఇంట్లో ఏం చేయాలి?

● పొద్దుగూకాక రెండు మూడు గంటలు వాకిట్లో తెల్ల లైటు ఆర్పేయండి. తప్పదనుకుంటే పసుపు వెలుతురు బల్బు పెట్టండి. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుతురుకే పురుగులు ఎక్కువగా మూగుతాయి.

● కిటికీలకు సన్న జాలీ వేయించండి. తలుపు కింది సందుకు పాత గుడ్డ మడత పెట్టండి.

● చెప్పుతో కొట్టొద్దు, చీపురుతో నలపొద్దు. గిన్నెలో సబ్బు నీళ్లు పోసి పురుగు కింద పట్టి, పైనుంచి కాగితంతో మెల్లగా తోయండి. బెదిరిన నల్లి తరచుగా జారి కింద పడుతుంది. మామూలు నీళ్ల మీదైతే తేలిపోతుంది. సబ్బు నీళ్లలో మునిగి, ఊపిరి రంధ్రాలు మూసుకుపోయి చస్తుంది.

● మరీ ఎక్కువగా వస్తుంటే ఇంటికి దూరంగా ఒక లైటు వెలిగించి, దాని కింద సబ్బు నీళ్ల తొట్టి పెట్టండి. పొలంలో దీపపు ఎరలు పనిచేసేదీ ఇలాగే.

● ప్రహరీ వెంట ఊద, గడ్డి పెరగనివ్వకండి. వరి లేనప్పుడు నల్లి బతికేది వాటి మీదే.

రైతులకు ఒక మాట. ఎండ ముదిరితే నల్లి దుబ్బుల మొదళ్లలో దాక్కుంటుంది. అందుకే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేలో దిగి చూడండి. దుబ్బుకు ఒకటి రెండు కనిపిస్తే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్నో, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానాన్నో అడిగి, వాళ్లు చెప్పిన మందే, చెప్పిన మోతాదులోనే వాడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, పొలానికి తెచ్చిన పురుగుమందును ఇంట్లో కొట్టకండి. ఈ రాత్రి నల్లి చచ్చినా రేపు చేలోంచి ఇంకోటి వస్తుంది. గోడకు, మంచానికి అంటిన విషం మాత్రం పిల్లల ఒంట్లోకి పోతుంది. చుట్టుపక్కల చేలల్లో గింజ గట్టిపడితే నల్లి తనంతట తానే తగ్గిపోతుంది. అందాకా లైటు ఆర్పి, జాలీ వేసి, సబ్బు నీళ్లతో సరిపెట్టుకోండి.