దాచుకున్నదే దక్కుతుంది

చెరిగిపోయిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. కానీ జంషెడ్‌పూర్ చిన్న పరిశ్రమలను నిజంగా ఆదుకునేది ముందుగా పరీక్షించి పెట్టుకున్న బ్యాకప్ మాత్రమే

ఖర్కాయ్ నదికి ఒక ఒడ్డున ఉక్కు నగరం జంషెడ్‌పూర్, అవతలి ఒడ్డున ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. వాహనాల విడిభాగాలు తయారుచేసే చిన్నాచితకా యూనిట్లకు అక్కడ కొదవ లేదు. లేతు మిషను పాడైతే మరమ్మతు చేయించుకోవచ్చు, కాలిపోతే బీమా సొమ్ముతో కొత్తది కొనుక్కోవచ్చు. ఆఫీసు గదిలోని కంప్యూటర్‌లో ఉన్న డ్రాయింగులు, ట్యాలీ లెక్కలు, కార్మికుల పీఎఫ్ వివరాల సంగతి వేరు. పొరపాటున ఒక్క మీట నొక్కితే చాలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సమాచారం మాయమవుతుంది.

అది యజమాని సొంత నష్టంతో ఆగిపోదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. కంపెనీగా నమోదైన సంస్థలకు నిబంధన మరింత కఠినం. ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను దేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ భద్రపరచాలని 2022 ఆగస్టులో చేసిన సవరణ నిర్దేశిస్తోంది. ఫైలు డిలీట్ అయిందన్న సంజాయిషీ అధికారుల ముందు చెల్లదు.

పోయినా ఉంటుంది

హార్డ్ డిస్క్‌లో ఫైలును డిలీట్ చేసినంత మాత్రాన అది వెంటనే చెరిగిపోదు. పుస్తకంలో విషయసూచిక చించేస్తే పాఠాలు మిగిలే ఉన్నట్టు, ఫైలు చిరునామా మాత్రమే పోతుంది. అది ఉన్న చోటు ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటుంది. కొత్త సమాచారం వచ్చి ఆ చోటును ఆక్రమించేదాకా పాతది అక్కడే ఉంటుంది.

అందుకే రీసైకిల్ బిన్‌లో కూడా ఫైలు కనిపించకపోతే మొదట చేయాల్సిన పని, ఆ కంప్యూటర్‌ను వాడటం ఆపేయడం. చాలామంది కంగారులో రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లోకి దించుకుని, దొరికే ఫైలును చేజేతులా చెరిపేసుకుంటారు. డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి వెతకాలి, దొరికినవాటిని వేరే డిస్క్‌లోనే దాచాలి. రెకువా, ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకు పనికొస్తాయి. పెన్‌డ్రైవ్‌లు, కెమెరా కార్డుల విషయంలోనూ ఆశ ఉంటుంది. డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం సొంత ప్రయోగాలు మాని నిపుణులకు అప్పగించాలి.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్ఎస్‌డీలతో ఈ వెసులుబాటు బాగా తగ్గింది. డిలీట్ అయిన చోటును ట్రిమ్ అనే ఆదేశంతో అవి తమంతట తామే ఖాళీ చేసుకుంటాయి. అలా ఖాళీ అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

ఈ కంగారును సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. సైబర్ మోసాలతో దేశమంతా మారుమోగిన జామ్‌తాడా ఇదే జార్ఖండ్‌లో ఉంది. సహాయ కేంద్రం పేరిట ఇంటర్నెట్‌లో దొంగ నంబర్లు పెట్టడం ఆ మోసగాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ముక్కూమొహం తెలియనివారికి కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే అనుమతి ఇస్తే, ఫైళ్లతోపాటు బ్యాంకు ఖాతా కూడా ఖాళీ కావచ్చు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పెద్దల పాఠాలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. ఐదు రకాల రక్షణ పద్ధతులుంటే అవసరానికి ఒక్కటీ సరిగా పనిచేయలేదు. ఆరు గంటల కిందట తీసిన ఒక నకలు దొరకబట్టి సంస్థ గట్టెక్కింది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడినప్పుడు ఆ అదృష్టమూ లేకపోయింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లకు బయట ఎక్కడా నకలు లేదు.

ఇందుకు భిన్నమైన కథ ఢిల్లీ ఎయిమ్స్‌ది. 2022 నవంబర్ 23న జరిగిన దాడిలో అక్కడ ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు. రోజుల తరబడి కాగితం, కలంతో నెట్టుకురావాల్సి వచ్చింది. అయినా దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ ఉండటంతో ఈ-హాస్పిటల్ సమాచారం మొత్తం తిరిగి చేతికొచ్చింది.

మూడు, రెండు, ఒకటి

నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం సారాంశం ఇదే: సమాచారం మూడు చోట్ల, రెండు రకాల సాధనాల్లో ఉండాలి, అందులో ఒకటి వేరే ప్రాంతంలో ఉండాలి. ఆదిత్యపూర్ యూనిట్‌కైతే ఆఫీసు కంప్యూటర్, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, ఒక క్లౌడ్ ఖాతా సరిపోతాయి. కద్మా, బిష్టుపూర్‌లలోని తెలుగు కుటుంబాలు పెళ్లి ఫోటోల డిస్క్ ఒకటి శ్రీకాకుళంలోని బంధువుల ఇంట ఉంచినా సూత్రం నెరవేరినట్టే.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవకూడదు. బ్యాకప్ అయ్యాక డిస్క్‌ను కంప్యూటర్ నుంచి విడదీయాలి, లేకుంటే వైరస్ దాన్నీ కబళిస్తుంది. క్లౌడ్‌తో ఫైళ్లను జతచేయడం ఒక్కటే బ్యాకప్ అనుకోకూడదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు 30 రోజులే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలును బయటికి తీసి తెరిచి చూడటం. దానికి పట్టేది పది నిమిషాలు. గిట్‌ల్యాబ్‌లో లోపించింది కూడా ఆ పరీక్షే.