కరివేపాకు చెట్టు దగ్గర కాపు కాద్దాం

రండర్రా, అరుగెక్కి కూర్చోండి. చలి శివరాత్రికే శివశివా అంటూ వెళ్ళిపోయింది. మామిడి పిందె కట్టింది, వేప లేత చిగురేసింది. ఈ ఆదివారం పొద్దున్నే అందరం కాలవ గట్టు దాకా నడిచొద్దాం. ఇంట్లో ఎవరైనా ఫోను ఇస్తే తెచ్చుకోండి, సీతాకోకచిలుకల్ని ఫొటోలు తీద్దాం. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. వాటి వెంట పరిగెత్తేది లేదు. మీరు ఎంత పరిగెత్తితే అవి అంత దూరం పోతాయి. ఏ సీతాకోక ఏ మొక్క దగ్గరికి వస్తుందో కనిపెట్టి, మనమే ముందుగా అక్కడికెళ్ళి కూర్చోవాలి.

అంత దూరం కూడా పోనక్కర్లేదు, మన పెరట్లోనే మొదలుపెడదాం. నానమ్మ రోజూ పోపులోకి దూసుకునే కరివేపాకు చెట్టు చుట్టూ ఎండెక్కాక ఒకటి గిరికీలు కొడుతుంది, చూసే ఉంటారు. నలుపు మీద లేతపసుపు మచ్చలు, వెనక రెక్కల్లో ఒక్కో ఎర్ర మచ్చ. దాని పేరు లైమ్ సీతాకోకచిలుక. నిమ్మ, నారింజ, బత్తాయి చెట్ల మీదా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. కరివేపాకుకీ నిమ్మకీ ఏం చుట్టరికం అంటారేమో! రెండూ ఒకే కుటుంబం. శివుడి పూజకు తెచ్చే మారేడూ, వినాయకుడికి పెట్టే వెలగా కూడా వాళ్ళ జ్ఞాతులే. ఆ సంగతి మనం పుస్తకం చూసి నేర్చుకోవాలి, సీతాకోకకి కాళ్ళతోనే తెలిసిపోతుంది. ఆకు మీద వాలి ముందు కాళ్ళతో టకటకా తడుతుంది. రుచి తెలుసుకునే శక్తి ఆ కాళ్ళలో ఉంది మరి. తను ఆకు తినదు, పూల తేనె తాగి బతుకుతుంది. ఆ రుచి చూడ్డమంతా పుట్టబోయే పిల్ల కోసం. ఇదే సరైన ఆకు అని రూఢి అయ్యాక, లేత చిగురు మీద గసగసమంత పసుప్పచ్చ గుడ్డు ఒక్కటి పెట్టి ఎగిరిపోతుంది.

గుడ్డులోంచి వచ్చిన పురుగుని చూస్తే మీరు ముక్కు మూసుకుంటారు. నలుపూ తెలుపూ కలగలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. రెట్టని ఏ పిట్టా తినదు కదా, దాని బతుకు రహస్యం అదే! కాస్త ఒళ్ళు చేశాక ఆ వేషం సరిపోదు కాబట్టి కుబుసం విడిచి ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి వస్తాయి, ఘాటైన వాసన కూడా వస్తుంది. నానమ్మ దాన్ని చీపురుపుల్లతో తీసెయ్యబోతే, "ఆ కొమ్మ దానికి వదిలెయ్యవే, నువ్వు ఈ కొమ్మ దూసుకో" అంటాను నేను. మొదట్లో కోప్పడేది. ఇప్పుడు తనే వచ్చి "మీ పురుగు గూడు కట్టింది, చూసుకోండి" అని చెబుతోంది. కొమ్మకి తోక ఆనించి, నడుము చుట్టూ ఒక్క పట్టుదారం బిగించుకుని అలా నిలబడిపోతుంది. పచ్చని కొమ్మ మీద ఆ గూడు పచ్చగా ఉంటుంది, ఎండు పుల్ల మీదయితే మట్టిరంగు. వారం పది రోజులకి ఓ పొద్దున్నే పగులుతుంది. మంచి ఫొటో కావాలంటే ఆ వేళకి పెరట్లో ఉండాలి. బయటికొచ్చిన సీతాకోక రెక్కలు ముడతలు పడి ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి ఎక్కించి మెల్లగా సాగదీసుకుని ఆరబెట్టుకుంటుంది. రెక్కలు గట్టిపడేదాకా ఎగరలేదు, ఎంతసేపైనా తీసుకోండి. చెయ్యి మాత్రం వెయ్యొద్దు.

ఎందుకంటారా? రెక్క పట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది కదా, అది పుప్పొడి కాదు. పెంకుటింటి మీద పెంకులు ఒకదాని అంచు మీద ఒకటి పేర్చినట్టు, రెక్క నిండా కంటికి ఆనని పొలుసులుంటాయి. ఆ రంగులన్నీ వాటివే. కొన్ని రంగులు పొలుసుల్లోనే నిండి ఉంటాయి. నీలం సంగతి మాత్రం చిత్రంగా ఉంటుంది: చాలా సీతాకోకల్లో అసలు నీలిరంగే ఉండదు. పొలుసులోని సన్నటి పొరల మీద పడ్డ వెలుతురు విరిగి మన కంటికి నీలంగా కనిపిస్తుంది, అంతే. ఇంటి పెంకు పగిలితే కొత్తది వేయించుకుంటాం. రాలిన పొలుసు దానికి మళ్ళీ రాదు.

ఆ కరివేపాకు మీదే ఇంకొకటీ పెరుగుతుంది, కామన్ మార్మన్ అని. మగది నలుపు, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరుస. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని మాత్రం ఎర్ర మచ్చలు తొడుక్కుని వేరే జాతిలా కనిపిస్తాయి. ఆ వేరే జాతులు కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అని రెండు. ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి కాబట్టి వాటి ఒళ్ళంతా విషం, పిట్టలు ముట్టుకోవు. విషం లేని మార్మన్ ఆడది వాటి రూపు ఎత్తుకుని బతుకుతోంది. మరి ఏది ఏదో ఎలా పోల్చుకోవడం? రెక్కలు చూడకండి, ఒళ్ళు చూడండి. రోజ్‌లకి ఒళ్ళు కూడా ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కి నల్లగానే ఉంటుంది. ఈ ఆడ మార్మన్ల వేషాల గురించి వాలెస్ అనే మహానుభావుడు 1865లోనే రాశాడు. ఆ వేషం వేయించేది ఏమిటన్నది దాదాపు నూటయాభై ఏళ్ళ తర్వాత తేలింది. 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయనతో పనిచేసినవాళ్ళూ కలిసి ఒకే ఒక్క జన్యువు దీన్నంతా నడుపుతోందని చూపించారు. కుంటే గారు బెంగళూరులో సీతాకోకల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. మన పోపు చెట్టు మీద పురుగు కథ అంత దూరం వెళ్ళింది, చూశారా!

ఇక వీధి దాటి డొంకలోకి వెళ్దాం. జిల్లేడు కనిపిస్తే ఆగండి. నారింజరంగు రెక్కలు, అంచులు నలుపు, కొసల్లో తెల్ల చుక్కలు, ఇది ప్లెయిన్ టైగర్. హడావుడి లేకుండా తీరిగ్గా ఎగురుతుంది. దానికి భయం ఎందుకు? గొంగళిగా ఉన్నప్పుడు తిన్న జిల్లేడు పాల విషం ఒంట్లో దాచుకుని పెద్దదయ్యింది. ఒకసారి తిని కక్కుకున్న పిట్ట ఆ నారింజరంగు వైపు మళ్ళీ చూడదు. ఫొటోలు మొదలుపెట్టేవాళ్ళకి ఇంత సాధువు ఇంకోటి దొరకదు. దీని బొమ్మ వేసినవాళ్ళలో మీరు మొదటివాళ్ళేమీ కారు. ఈజిప్టులో నెబామున్ అనే ఆయన సమాధి గోడ మీద దాదాపు 3,400 ఏళ్ళ కిందటే దీన్ని చిత్రించారు. ఆ గోడ ముక్క ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

దీనికీ ఒక దొంగ జంట ఉంది, డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దూరంనుంచి చూస్తే తేడా తెలియదు. వెనక రెక్క నడిమధ్యన నల్ల చుక్కల గుంపు ఉంటే ప్లెయిన్ టైగర్, లేకపోతే ఎగ్‌ఫ్లై. ఎగ్‌ఫ్లై పిల్లలు తినేదేమిటో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర! విషం దొరకని కూర తింటూ, విషమున్నదాని చీర కట్టుకుని తిరుగుతోందన్నమాట. ఇలాంటి వేషాల గుట్టు మొదట విప్పినవాడు బేట్స్ అనే ఆయన. అమెజాన్ అడవుల్లో పదకొండేళ్ళు తిరిగొచ్చి 1862లో రాశాడు.

ఫొటో ఎలా తియ్యాలో చెబుతాను, వినండి. ఎనిమిదింటికల్లా చేలో ఉండాలి. సీతాకోక ఒంటికి మనలా సొంత వేడి లేదు. రెక్కలాడాలంటే ఒళ్ళు దాదాపు 30 డిగ్రీలకి రావాలి, అందుకని పొద్దున్నే రెక్కలు పరుచుకుని ఎండ కాచుకుంటూ కదలకుండా కూర్చుంటుంది. పదకొండు దాటితే మన ఎండకి అదే నీడ వెతుక్కుంటుంది. దాని కళ్ళు ఇంచుమించు నాలుగు వైపులా చూస్తాయి, కదలికని ఇట్టే పసిగడతాయి. నడుము వంచి, ఒక్కో అడుగూ ఆగి ఆగి వెయ్యండి. మీ నీడ దాని మీద పడిందో, ఎగిరిపోయిందే. ఫోను మరీ దగ్గరికి తోసెయ్యకుండా, రెండింతలు పెద్దది చేసుకుని జానెడు మూరెడు దూరంనుంచి తియ్యండి. ముడిచిన రెక్కకి ఫోను సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఏటవాలుగా పెడితే రెక్క ఒక కొస తేటగా వచ్చి రెండో కొస మసకబారుతుంది. కన్ను స్పష్టంగా వస్తే ఫొటోకి ప్రాణం వచ్చినట్టే. పేరు తేల్చుకోవాలంటే రెక్క పైభాగమూ కిందిభాగమూ రెండూ కావాలి, దానికే ఓపిక పట్టాలి.

మినప చేలో పూత మీద గోరంత నీలం సీతాకోకలు ఎగురుతుంటాయి, పీ బ్లూలు. వాటి పిల్లలు మన మినుమూ పెసరా కాయలు తొలుస్తాయి కాబట్టి రైతుకి వాటి మీద ముద్దు లేదు, అది న్యాయమే. కానీ ముడిచిన రెక్క చివర చూడండి, వెంట్రుకంత తోక, పక్కనే కన్నులాంటి చుక్క. తోకల్ని మీసాల్లా ఆడిస్తూ తల అటువైపు ఉందని నమ్మిస్తుంది. పిట్టో సాలీడో ఆ దొంగ తలని కరుస్తుంది, ఇది మిగిలిన రెక్కతో బయటపడుతుంది. తోక చివర తెగినవి కనిపిస్తే తప్పకుండా తియ్యండి. నాకు నిండు రెక్కలదాని కన్నా అదే ముద్దొస్తుంది.

కాలవ దగ్గర గొడ్లు నీళ్ళు తాగి వెళ్ళిన తడి మట్టి మీద గుంపుగా వాలినవి దాదాపు అన్నీ మగవే. పూల తేనెలో ఉప్పు దొరకదు కాబట్టి బురదలోంచి పీలుస్తాయి. జత కట్టినప్పుడు ఆ ఉప్పుని ఆడదానికి ఇస్తాయి, అది గుడ్లకి చేరుతుంది. అక్కడ పొట్ట ఆనించి పడుకుని తియ్యాలి. చొక్కాకి బురద అయితే నానమ్మతో నేను మాట్లాడతాను.

తిరిగొచ్చేటప్పుడు ఎండు గట్టు మీద పీకాక్ పాన్సీ కోసం వెతుకుదాం. రెక్క విప్పితే నారింజరంగు మీద పెద్ద పెద్ద కళ్ళు. మూసిందా, ఎండుటాకే! ఆకు ఈనె, ఆకు కొస, అన్నీ ఉంటాయి. ఈ కాలంలో గడ్డి ఎండిపోయి ఉంటుంది కాబట్టి దాక్కోవడమే దానికి రక్ష. వానలు పడ్డాక నీటిగొబ్బి మొక్కల మీద పెరిగి వచ్చే తరానికి రెక్క కిందివైపు కూడా కళ్ళ చుక్కలు వస్తాయి, ఆకు రూపం ఉండదు. ఒకే జాతి, కాలానికొక బట్ట. అందుకే ఆదివారం తీసిన పాన్సీ ఫొటో పోగొట్టుకోకండి. తేదీ, ఏ గట్టు, ఏ మొక్క అన్నది కింద రాసి పెట్టండి. శ్రావణంలో అదే గట్టుకి మళ్ళీ వెళ్ళి ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.