ఉక్కులో దాగిన బిగువు

బండిచక్రమునకు ఇనుపపట్టా వేయు విధమును మీరెల్లరును చూచియే యుందురు. కమ్మరి పట్టాను చక్రముకంటె ఒకింత చిన్నదిగా జేసి, ఎఱ్ఱగా గాల్చి, సాగినపుడు తొడిగి నీళ్లు చల్లును. చల్లారిన పట్టా కుంచించుకొని చక్రమును బిగించును. ఆ బిగువు పట్టాలో నిలిచియే యుండును. కంటికి మాత్రము కనబడదు. వంతెనల దూలములలో కాచి అతికిన చోట్లను ఇట్టి బిగువులే దాగియుండును.

లోహము లోపలి సంగతి తెలియకున్న నేమగునో వినుడు. అమెరికాలో ఒహాయో నదిపై 1928లో కట్టిన సిల్వర్ వంతెన 1967 డిసెంబరు 15వ తేదీ సాయంకాలమున కూలి, 46 మంది మరణించిరి. విచారింపగా, గొలుసులోని యొక ఉక్కుకడ్డీ రంధ్రముకడ అంగుళములో సుమారు పదవవంతు లోతు గల బీట యే మూలమని తేలినది. కీలు విప్పనిదే యది కనబడునది కాదు.

ఇక లోపలి బిగువును కొలుచు టెట్లు? ఉక్కు నునుపుగా దోచినను సన్నని రవల ముద్ద. ప్రతి రవలోను అణువులు వరుసనాటు వేసిన వరిమడివలె బారులుదీరి యుండును. ఒక మడి వరుసలొక దిక్కు, ప్రక్కమడివి వేఱొక దిక్కు. ఇనుములో ఈ వరుసల నడిమి ఎడము, అంగుళమును 12 కోట్ల భాగములు చేయగా అందించుమించుగా ఒక భాగము. 1895లో రాంట్జెన్ కనుగొనిన ఎక్స్‌కిరణములు ఇట్టి వరుసలపై బడి కొన్ని కోణములందే చెదరునని జర్మనీలో లావే 1912లో చూపెను. వెంటనే ఇంగ్లండులో లారెన్స్ బ్రాగ్ ఆ కోణమునుండి ఎడమును గణించు సూత్రమును గట్టెను. తండ్రితోగూడ 1915లో నోబెల్ బహుమానము నందునప్పటి కాతనికి 25 ఏండ్లు! బడిపిల్లలకు నేనీ మాట తఱచుగా జెప్పుచుండెడివాడను.

ఉక్కుముక్కను యంత్రమున గట్టి లాగగా, లాగిన దిక్కున ఎడము హెచ్చును, అడ్డముగా తగ్గును. కిరణములు తెరపై వేయు వలయములు గుండ్రదనము వీడి కొంచెము కోలగా మాఱును. 10,000లో ఒక వంతు మార్పునైన నిందు గుర్తింపవచ్చును. లాగుట మానిన పిమ్మటను ఎడము మొదటికి రాకున్నచో, అచట బిగువు నిలిచినదన్నమాట.

అయితే సామాన్యములైన ఎక్స్‌కిరణములు ఉక్కు పైపొరను దాటి లోనికి బోజాలవు. చికాగో సమీపమున ఆర్గాన్ ప్రయోగశాలలో 1,104 మీటర్ల చుట్టుకొలతగల వలయమున ఎలక్ట్రానులు కాంతివేగమునకు మిక్కిలి చేరువగా పరుగిడుచుండును. అయస్కాంతములు వాని త్రోవ వంచినపుడెల్ల తీక్ష్ణకిరణములు వెలువడును. ఇవి అరయంగుళపు ఉక్కును సైతము దూరిపోవును. ఒక్కొక్క రవ బిగువును విడిగా గొలువ వీలగును. ప్రక్కప్రక్క రవలు బరువును సమముగా మోయవని ఇట్లు ప్రత్యక్షముగా గననైనది. ఉమ్మడి కుటుంబములలో నిది మన మెఱుగనిది కాదు గదా!

నిలిచియున్న వంతెనను ఆ వలయముకడకు గొనిపోలేము. ముక్క కోసి తీసికొనిపోవలసినదే. కోసినంతనే దాగిన బిగువు కొంత సడలును గనుక, సడలినంతను వేఱుగ లెక్కగట్టి కలుపుకొందురు.