వెబ్ పేజీకి టేబులా? స్టైల్ షీటా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్ళలో చదువుకుని వెళ్ళిన అన్నలు, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళు కలిసి ఒక వెబ్‌సైటు పెట్టుకోవాలన్న మాట వార్షికోత్సవం వచ్చినప్పుడల్లా వినపడుతుంది. పెట్టే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. పైన హాస్టల్ పేరు, ఎడమవైపు మెనూ, మధ్యలో వార్తలు, కుడివైపు ఫొటోలు. వీటిని ఎక్కడివక్కడ అమర్చడం టేబుల్‌తో చేయాలా, స్టైల్ షీట్‌తో చేయాలా? పాత నోట్సు చూసి నేర్చుకునే తమ్ముళ్ళు టేబుల్ దగ్గరే ఆగిపోకూడదని ఇది రాస్తున్నాం.

టేబుల్ అంటే మనకు తెలిసిన పట్టికే. 1990ల మధ్యలో పేజీని రెండు మూడు భాగాలుగా నిలువునా విడదీయడానికి దాన్ని మించిన దారి లేదు. గీతలు కనపడకుండా చేసి, ఒక గడిలో మెనూ, ఇంకో గడిలో వార్త పెట్టేవారు. గడిలో మళ్ళీ టేబుల్, దాని లోపల మరొకటి! 1996 డిసెంబరులో డబ్ల్యూ3సీ సంస్థ స్టైల్ షీట్ల మొదటి ప్రమాణం సీఎస్ఎస్ 1 ప్రకటించింది. కానీ నెట్‌స్కేప్ 4 లాంటి బ్రౌజర్లు దాన్ని సరిగా చూపించేవి కావు. కాబట్టి ఆనాడు టేబుల్ వాడినవారిని తప్పుపట్టలేం, పనిచేసేదాన్ని వాడుకున్నారు. అయితే 1999 డిసెంబరు నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణమే, కేవలం అమరిక కోసం టేబుల్ వాడవద్దని చెప్పింది.

ఎందుకు వద్దు? సాగర్ ఎడమ కాలువ కింద వరి మడులు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. మడి ఆకారం మార్చాలంటే గట్టు తెంపి మళ్ళీ వేయాలి. సైటులో 40 పేజీలుంటే, మెనూని ఎడమ నుంచి కుడికి మార్చడానికి 40 పేజీల్లోనూ గళ్ళు తెంపి కట్టాలి. స్టైల్ షీట్ పద్ధతిలో విషయం ఒక ఫైలులో, రూపం వేరే ఫైలులో ఉంటాయి. ఆ రెండో ఫైలులో నాలుగు లైన్లు మారిస్తే అన్ని పేజీలూ మారతాయి.

మనకు అంతకంటే పెద్ద కారణం తెలుగే. మామూలు టేబుల్‌లో గడి, దానిలోని అతి పొడవైన పదం కంటే సన్నబడదు. ఇంగ్లీషులో పదాలు పొట్టివి. మనమేమో 'మిర్యాలగూడవాళ్ళందరికీ' అని ఒక్క పదంగా రాస్తాం. ఆ గడి పక్క గడిని తోస్తుంది, ఫోన్ తెర మీద వార్త సగం అంచు దాటిపోతుంది. తమ్ముళ్ళ చేతిలో ఉండేది ఫోనే కదా! స్టైల్ షీట్‌లో అయితే, తెర సన్నగా ఉంటే మెనూ పైన, వార్త దాని కింద రావాలని రాసుకోవచ్చు. ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా లైన్ హైట్ 1.6 అని ఒక్కచోట రాస్తే సైటంతా విశాలంగా కనపడుతుంది.

చూపులేని మిత్రుల సంగతీ ఆలోచించాలి. స్క్రీన్ రీడర్ పేజీని కోడ్‌లో ఉన్న వరుసలోనే చదువుతుంది. ఎడమ గడిలోని మెనూ అంతా అయ్యాక గానీ వార్త వినపడదు. స్టైల్ షీట్‌తో వార్తను కోడ్‌లో ముందు రాసి, తెర మీద మధ్యలో చూపించవచ్చు.

మధ్యలో చాలా ఏళ్ళు ఫ్లోట్‌తో తిప్పలు పడ్డారు. పేజీ అమరికకు ఇప్పుడు దాని అవసరం లేదు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ బ్రౌజర్లలోకి గ్రిడ్ వచ్చింది. అదీ వరుసలూ గళ్ళే, కాకపోతే గట్లు స్టైల్ షీట్‌లో ఉంటాయి. టేబుల్ నేర్చుకున్నవారికి త్వరగా పట్టుబడుతుంది.

అలాగని టేబుల్‌ని వెలివేయనక్కర్లేదు. మార్కుల జాబితా, వారం రోజుల మెస్ మెనూ, బస్సుల వేళలు టేబుల్‌లోనే ఉండాలి. వాటిని డివ్‌లతో పేర్చడం మా దృష్టిలో అంతే తప్పు. పై వరుసకు టీహెచ్ వాడితే, 72 అనే అంకె లెక్కలదో సైన్సుదో స్క్రీన్ రీడర్ చెప్పగలుగుతుంది.

ఈమెయిల్ విషయం మాత్రం వేరు. విండోస్ అవుట్‌లుక్ 2007 నుంచి మెయిల్ చూపించడానికి వర్డ్ ఇంజిన్ వాడుతూ వచ్చింది, దానికి స్టైల్ షీట్ సరిగా అర్థం కాదు. వార్షికోత్సవ ఆహ్వానం అన్నలందరికీ రంగుల్లో మెయిల్ చేయాలనుకుంటే ఆ పాత టేబులే దిక్కు.