మంచినీరు వచ్చే దారి, ఉప్పు పోయే దారి

కృష్ణా నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంక మండలాల్లోకి దిగితే పాలకాయతిప్ప, సొర్లగొంది, గుల్లలమోద లాంటి ఊళ్లు వస్తాయి. ఇక ఆపైన మడ అడవి, సముద్రం. ఎదురుమొండి దీవికి వెళ్లాలంటే ఏటిమొగలో పంటు ఎక్కి పాయ దాటాలి. ఈ ఊళ్ల పేర్లు పత్రికలకెక్కేది తుఫాను వచ్చినప్పుడు, లేదా ఏదో పెద్ద ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు. మిగతా రోజుల్లో అక్కడి సేద్యం ఎలా నడుస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకోకుండా ఆ ఊళ్ల భవిష్యత్తు గురించి ఎంత మాట్లాడినా దండగే.

ముందు నీళ్ల సంగతి. సముద్రానికి ఇంత దగ్గర్లో బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరే. పంటకైనా, తాగడానికైనా కాలువే దిక్కు. ఆ నీరు బయల్దేరేది విజయవాడలో, ప్రకాశం బ్యారేజీ దగ్గర. దాని కింద ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు. ఆ నీరు దారి పొడుగునా చేలు తడుపుకుంటూ, పులిగడ్డ అక్విడక్టు మీదుగా పాయను దాటి, దివిసీమలో చివరి పంట బోదె దాకా రావాలి. జూన్‌లో బ్యారేజీ దగ్గర పూజ చేసి గేట్లు ఎత్తడం టీవీలో అందరం చూస్తాం. శివారు రైతు నారుమడికి ఆ తడి అందడానికి వారాలు పడుతుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లందరికీ దమ్ముకు నీళ్లు ఒకేసారి కావాలి, అందని చోట ఇంజన్లు పెట్టి తోడుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్లదీ పంటే. మిగిలిన నీటికి పూడిక, గుర్రపుడెక్క అడ్డం. 2015లో ప్రారంభించిన పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీటిని బ్యారేజీకి చేరుస్తోంది. కృష్ణలో వరద ఆలస్యమైన ఏడాది డెల్టాను ఆదుకుంటున్నది అదే. అయితే బ్యారేజీలో నీరుంటే శివారులో ఉన్నట్టే అనుకోవడానికి లేదు.

ఆ కొన్ని వారాల ఆలస్యం ఎంత దూరం పోతుందో చూడండి. సాంబ మసూరి లాంటి సన్నరకానికి నారు పోసిన దగ్గర్నుంచి 145, 150 రోజులు కావాలి. జూన్ చివర నారు పోస్తే నవంబరు ఆఖరుకు కోత. జూలై చివర పోస్తే డిసెంబరు ఆఖరు. మన తీరానికి గట్టి తుఫాన్లు వచ్చే కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎగువ ఊళ్లలో ధాన్యం మిల్లుకు చేరే వేళకు శివారులో వరి ఇంకా చేలోనే నిలబడి ఉంటుంది, లేదంటే కోసిన పనలు ఆరుతూ ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా జిల్లాలో కోతకొచ్చిన వరి నేలవాలి నీట నానింది.

దెబ్బ అంతటితో ఆగదు. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుము చల్లుతారు. దున్నకం లేదు, తడి పెట్టేది లేదు. నేలలో మిగిలిన చెమ్మతోనూ మంచుతోనూ పండాలి. వరి ఆలస్యమైతే మినుముకు ఆ చెమ్మ చాలదు. ఖర్చు తక్కువతో చేతికి రొక్కం వచ్చేది ఈ పంటతోనే. అది పోయిన ఏడాది అప్పు తిరగరాసుకోవడమే.

ఇక ఉప్పు. దీని గురించి అపోహలెక్కువ కనుక కాస్త ఓపిగ్గా చెప్పుకోవాలి. తీరం పక్కన నేల అడుగున ఉప్పునీరు ఎప్పుడూ ఉంటుంది. ఎండాకాలం పైమట్టి ఆరినకొద్దీ ఆ నీరు పైకి ఎగబాకి ఆవిరవుతుంది, ఉప్పు పైనే మిగిలిపోతుంది. తెల్లగా పేరుకునే పాలచౌడు అదే. వానాకాలంలో చేలో మంచినీరు నిలగట్టి, కిందికి ఇంకనిచ్చి, మురుగు కాలువలోకి వదిలితే ఉప్పు కడుక్కుపోతుంది. వరి పండించడమంటే ఇక్కడ నేలను కడుక్కోవడం కూడా. చౌడు అనగానే చాలామంది జిప్సం చల్లమంటారు. జిప్సం పనిచేసేది క్షారం ఎక్కువైన కారుచౌడుకు. పాలచౌడుకు మందు మంచినీరు, ఆ నీరు బయటికి పోయే దారి. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం ఎంసీఎం 100, ఎంసీఎం 101 లాంటి ఉప్పును తట్టుకునే వరి రకాలు తెచ్చింది. అవి ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటాయి గానీ తీసెయ్యలేవు.

నా దృష్టిలో ఈ ఊళ్లకు అసలు ఆయువుపట్టు మురుగు కాలువే. అది సముద్రంలోనో నదీపాయలోనో కలిసే చోట షట్టర్లుంటాయి. పోటు సమయంలో అవి మూసుకోవాలి, పాటు వేళ తెరుచుకోవాలి. తుప్పు పట్టి షట్టరు సగంలో ఆగిపోతే పోటుతో వచ్చిన ఉప్పునీరు కాలువలో ఎగదన్ని చేల పక్కకు వస్తుంది. వాన కురిసినప్పుడేమో చేలలో నీరు బయటికి పోక పైరు కుళ్లుతుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అధికార లెక్కల్లోనే దాదాపు 10 వేల మందిని మింగింది. ఆ తర్వాతే ఇక్కడ సముద్రపు కరకట్ట మీదా తుఫాను షెల్టర్ల మీదా ప్రభుత్వాలు దృష్టి పెట్టాయి. మనుషుల్ని కాపాడటంలో అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. హెచ్చరికలు ముందే వస్తున్నాయి, ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. నేలను కాపాడే షట్టర్ల మీద మాత్రం ఆ శ్రద్ధ పెట్టలేదు.

మరి రొయ్యలు? వరి గిట్టని చోట చెరువు తవ్వడం సహజం. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వెర్రి వచ్చింది. తెల్లమచ్చ తెగులుతో కుదేలైంది. వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో తీర ఆక్వా చట్టం వచ్చింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరకడంతో మళ్లీ చెరువులు పెరిగాయి. లాభం వచ్చినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఒక చెరువులో ఉప్పునీరు పెడితే అది గట్టు కింది నుంచి ఊరి, పక్క చేను చౌడుబారుతుంది. అప్పుడు ఆ రైతుకూ చెరువు తవ్వక తప్పదు. ధర ఎక్కడో తేలుతుంది: 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరగానే ఇక్కడి చెరువు గట్టు మీద ధర పడిపోయింది.

పెద్ద ప్రాజెక్టులూ వస్తున్నాయి. 2023 మేలో బందరు పోర్టు పనులు మొదలయ్యాయి. 2025 మే 2న నాగాయలంక క్షిపణి పరీక్ష కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. రోడ్లు బాగుపడవచ్చు, చదువుకున్న పిల్లల్లో కొందరికి ఉద్యోగాలూ రావచ్చు. చివరి బోదెకు నీరు మాత్రం వాటితో రాదు. ఇక తీరం సంగతి: పైన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక డెల్టాను నిర్మించిన ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. కొత్త మట్టి రాని తీరాన్ని కెరటాలు కోస్తున్నాయి. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఆ కోతకు కొంత అడ్డు. కొత్త కట్టడం ఏది వచ్చినా మడ జోలికి పోకుండా ఉండాలి.

చివరగా, ఈ నష్టాలు భరించేది ఎవరు? డెల్టాలో చాలా భూమి కౌలు సేద్యంలో ఉంది. పట్టాదారు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. తుఫాను పరిహారానికీ బ్యాంకు పంట రుణానికీ కౌలుదారును ఒప్పంద కాగితం అడుగుతారు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కౌలు ఒప్పందానికి గుర్తింపు ఇచ్చింది, యజమాని హక్కుకు భంగం లేదని స్పష్టంగా చెప్పింది. అయినా భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. ఇది చదువుతున్న మీ పేరున దివిలో ఎకరమో రెండెకరాలో ఉండి కౌలుకు ఇచ్చి ఉంటే, ఈ సార్వా నారు పోసేలోగా ఆ సంతకం పెట్టండి.