చిట్టా ఎక్కడ పడింది?

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక పూటంతా తప్పే లేని ప్రోగ్రాములో తప్పు వెతికాడు. తప్పు ముందే దిద్దాడు కానీ, ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. ముందురోజు సాయంత్రం స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ కూడా అదే గోతిలో పడి లేచాడు. ఆ వారాంతంలో ఆయన మొదలుపెట్టిన పనిముట్టే ‘మేక్’.

ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో రాసిస్తే, మేక్ వాటి వేళలు పోల్చి పాతబడినవాటినే మళ్లీ కట్టిస్తుంది. ఆ చిట్టా రాసేదెవరు? ఒక సీ ఫైలు నాలుగు హెడర్లను పిలిస్తే అవి ఇంకో నలభైని వెంటబెట్టుకొస్తాయి. చేత్తో రాసినది నెల తిరిగేసరికి అబద్ధమవుతుంది. ఎక్స్ విండో కాలపు ‘మేక్‌డిపెండ్’ ఆ జాబితాను మేక్‌ఫైలు అడుగున తానే అతికించేది. దాన్ని మళ్లీ నడపాలని మాత్రం మనిషే గుర్తుపెట్టుకోవాలి. అంటే జాన్సన్ మతిమరుపు మళ్లీ మొదటికొచ్చిందన్నమాట.

హెడర్లన్నిటినీ కంపైలరు ఎలాగూ తెరుస్తుంది కదా! జీసీసీ అనే కంపైలరుకు ‘-ఎండీ’ అని చెబితే, కంపైల్ చేస్తూనే చిట్టా రాసి డాట్-డి ఫైలులో పెడుతుంది. పెట్టే చోటు దగ్గరే పేచీ.

పాత జీసీసీ 2 ఫైలు పేరులోంచి డైరెక్టరీని కత్తిరించి, తాను నిలబడ్డ చోటే చిట్టా పడేసేది. ఆబ్జెక్టు ఫైలు ఎక్కడికి పోతోందన్నది దానికి పట్టదు. నెట్ డైరెక్టరీలో ఒక యుటిల్.సి, డిస్క్ డైరెక్టరీలో మరొక యుటిల్.సి ఉన్నాయనుకోండి. రెంటికీ ఒకటే యుటిల్.డి. రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. ఎవరూ ఎర్రర్ చూపరు. తర్వాత ఎప్పుడో హెడర్‌లో ఒక స్ట్రక్చర్ మారితే నెట్ వైపు ఆబ్జెక్టు పాతదే ఉండిపోతుంది. ప్రోగ్రాము ఏ సంబంధమూ లేనిచోట కూలుతుంది.

ఆటోమేక్‌తో వచ్చే ‘డెప్‌కాంప్’ స్క్రిప్టు చిట్టాలు తాను కోరిన చోటే పడాలని జీసీసీ 2 దగ్గర మామూలు -ఎండీని వాడదు. ప్రీప్రాసెసరుకు దొడ్డిదారిన ఫైలు పేరు చేరవేసి, చిట్టాలను .డెప్స్ అనే డైరెక్టరీలో దాస్తుంది. 2001లో వచ్చిన జీసీసీ 3లో ఆ తిప్పలు తీరాయి: చిట్టా ఏ ఫైలులో పడాలో ‘-ఎంఎఫ్’ చెబుతుంది, లోపల ఎవరి పేరు రాయాలో ‘-ఎంటీ’ చెబుతుంది.

ఆ రెండోది చిన్న విషయం కాదు. ఉత్త ‘-ఎం’తో చిట్టా తీస్తే లోపల ‘యుటిల్.ఓ’ అని మాత్రమే ఉంటుంది. మేక్ కడుతున్నదేమో బిల్డ్/నెట్/యుటిల్.ఓ. కాగితం సరైన అరలోనే ఉన్నా, అందులో వేరేవాళ్ల పేరుంటే ఏం లాభం? ఇక హెడర్‌ను తీసేస్తే దాన్ని ఎలా తయారుచేయాలో తెలియక మేక్ ఆగిపోతుంది; అలా ఆగకుండా చూసేది ‘-ఎంపీ’.

లినక్స్ కెర్నల్‌లో ఆబ్జెక్టు పక్కనే చుక్కతో మొదలయ్యే పేరుతో చిట్టా పుడుతుంది. ‘ఫిక్స్‌డెప్’ దాన్ని చదివి, మరో రూపంలో రాసుకున్నాక ఆ డాట్-డి ఫైలు చెరిగిపోతుంది. నింజా బిల్డ్ పద్ధతీ అంతే. ‘డెప్స్ = జీసీసీ’ అని రాసి ఉంటే, కంపైల్ ముగియగానే వివరాలను తన సొంత బైనరీ లాగ్‌లోకి ఎక్కించుకుని డాట్-డి ఫైలును తుడిచేస్తుంది.